నూటికి నెలకెంత?

"శాతాలూ గీతాలూ మాకెందుకమ్మాయ్, నూటికి నెలకెంతో చెప్పు" అందావిడ.

గుడ్లవల్లేరు మండలంలో ఒక ఊరు. రామాలయం అరుగు మీద డ్వాక్రా సంఘం మీటింగ్. పదిమందికి తొమ్మిదిమంది వచ్చారు. పదో ఆవిడ కోడలికి పురుడని బందరు వెళ్లిందట. పొదుపు డబ్బులు వసూలయ్యాయి, మినిట్స్ పుస్తకంలో సంతకాలు అయ్యాయి, ఒకావిడ వేలిముద్ర కూడా పడింది. అప్పుడు సంఘాల పుస్తకాలు చూసే వీఓఏ అమ్మాయి నా వైపు చూసి, "ఇక మీరు చెప్పండి మేడమ్" అంది.

పల్లెటూళ్లలో ఆడవాళ్లకి అప్పులు, వడ్డీలు, బ్యాంకు లావాదేవీల గురించి చెప్పే ఫోన్ పాఠాలు తయారుచేసే పనిలో రెండేళ్లుగా ఉన్నాను. బొమ్మలు, మాటలు, చిన్న చిన్న లెక్కలు. వాటిని తీసుకుని గుడివాడ చుట్టుపక్కలా, బందరూ, దివిసీమా తిరిగి రావాలని నవంబరు మూడోవారంలో బయల్దేరాను. మొదటి ఊళ్లో, మొదటి పాఠంలో, మొదటి బొమ్మ దగ్గరే పని ఆగింది. ఆ బొమ్మలో ఒక గుండ్రటి చక్రం, అందులో పావువంతు దాకా ఎరుపు రంగు, కింద 'ఏడాదికి 24 శాతం' అని అక్షరాలు. గీసినప్పుడు మాకు అది చాలా తేటగా కనిపించింది.

కృష్ణా డెల్టాలో వడ్డీకి కొలత ఒకటే. నూరు రూపాయలకి నెలకి ఎన్ని రూపాయలు అని. రూపాయిన్నరకి తెచ్చాం, రెండు రూపాయలకి ఇచ్చారు, అవసరం పడి మూడు రూపాయలకి కూడా తీసుకున్నాం అంటారు. ఎవరూ శాతం అనరు. 24 శాతం అంటే 'అమ్మో' అన్నవాళ్లే, రెండు రూపాయల వడ్డీ అంటే 'మామూలేగా' అన్నారు. రెండూ ఒకటేనని చెబితే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. 2004లో సంఘాల అప్పులకి పావలా వడ్డీ అని పేరు పెట్టినవారెవరో గానీ వాళ్లకి ఈ మాట బాగా తెలుసు. నూటికి నెలకి పావలా, అంటే ఏడాదికి మూడు రూపాయలు, మూడు శాతం. మూడు శాతం వడ్డీ పథకం అని పేరు పెట్టి ఉంటే ఊరూరా కళాజాతాలు పెట్టి వివరించాల్సి వచ్చేది. పావలా వడ్డీ అన్నారు, ఆ సాయంత్రానికే అందరికీ అర్థమైంది.

ట్యాబ్ పక్కన పెట్టేశాను. "వారాల అప్పు ఎవరైనా తీసుకున్నారా?" అని అడిగాను. నవ్వుకున్నారు. తీసుకోనిదెవరు?

"సరే, ఒక లెక్క చూద్దాం. పదివేలు ఇచ్చారు. యాభై వారాలు. వారానికి 230. నూటికి పదిహేనే వడ్డీ అన్నారు. మీ లెక్కలో అదెంత?"

"రూపాయి పావలా" అంది చివర కూర్చున్న ఆవిడ, వేళ్లు కూడా కదపకుండా. నిరక్షరాస్యులని జాబితాల్లో రాసుకునేవాళ్లలో ఆవిడా ఒకరు. ఇందాక వేలిముద్ర వేసింది ఆవిడే.

వీఓఏ అమ్మాయి ఇంట్లోంచి వామనగుంటల చింతపిక్కలు దోసెడు పట్టుకొచ్చింది. ఒక పిక్క వెయ్యి రూపాయలనుకుందామన్నాను. అరుగు మీద పది పిక్కలు వరుసగా పెట్టాను. మొదటి అయిదు వారాలు మీ దగ్గరున్న అసలు ఇది. అయిదు వారాలు కట్టేసరికి వెయ్యి అసలు తీరింది, కాబట్టి రెండో వరుసలో తొమ్మిది. మూడో వరుసలో ఎనిమిది. నాలుగో వరుస నుంచి వాళ్లే పేర్చడం మొదలుపెట్టారు. పదో వరుసలో ఒకే ఒక్క పిక్క. పైన వెడల్పుగా మొదలై కిందికి వచ్చేసరికి కొసదేలిన మెట్లలాగా కనిపించింది.

"మొత్తం ఎన్ని?"

లెక్కపెట్టారు. 55.

"వాళ్లు వడ్డీ వేసింది పది వరుసల్లోనూ పదేసి ఉన్నట్టు. అంటే వందకి."

వేలిముద్ర ఆవిడ ముందుకు వంగి, ఖాళీగా ఉన్న మూల మీద, పిక్కలు లేని చోట, అరచెయ్యి ఆనించింది. "ఈ డబ్బు మా దగ్గర లేదుగా" అంది. "లేనిదానికి కూడా కట్టాం."

ఇక లెక్క చెయ్యడం తేలికే అయింది. వాడుకున్నది దాదాపు సగం, వడ్డీ కట్టింది మొత్తానికి. రూపాయి పావలా అని చెప్పిన వడ్డీ, వారం వారం సరిగ్గా లెక్క కడితే దాదాపు రెండున్నర రూపాయలు. సంవత్సరానికి 29 శాతం పైమాటే. ఆవిడ అరచెయ్యి ఇంకా ఆ ఖాళీ మూల మీదే ఉంది. చదువుకునే రోజుల్లో నాకు బారువడ్డీ, చక్రవడ్డీ నేర్పారు గానీ తరిగే అసలు మీద వడ్డీ అంటే ఏమిటో ఇంత స్పష్టంగా ఏ పుస్తకమూ చూపించలేదు.

ఈ జిల్లాకి ఈ లెక్క కొత్తది కాదు. 2006 మార్చిలో కృష్ణా జిల్లా అధికారులు ఇలాంటి వారాల అప్పులిచ్చే సూక్ష్మరుణ సంస్థల శాఖలు యాభై దాకా మూయించారు. అధిక వడ్డీలు, వసూళ్లలో దౌర్జన్యం అన్నవి అప్పటి ఆరోపణలు. ఆ తర్వాత 2010 అక్టోబరులో రాష్ట్రమంతటికీ ఆర్డినెన్సు వచ్చింది. వారం వాయిదాలు వద్దు, నెలకొకసారే కట్టించుకోవాలి, వసూలు పంచాయతీ ఆఫీసు దగ్గరే జరగాలి, వడ్డీ ఎంతో అందరికీ కనపడేలా రాసి పెట్టాలి అన్నారు. అంత గొడవా ఇక్కడ జరిగింది. ఒక ఊళ్లో కాదు, ఒక వీధిలో కాదు. అయినా ఆ అప్పుల వడ్డీ తమ కొలతలో ఎంతో ఈ అరుగు మీద కూర్చున్నవాళ్లకి ఎవరూ చెప్పలేదు. ఆర్థిక అక్షరాస్యత అనే మాట నాకు ఆ మీటింగ్ నుంచీ గొంతులో అడ్డం పడుతూనే ఉంది. వాళ్లకి డబ్బు రాదన్నట్టు ఉంటుంది ఆ మాట. చీటీపాటలో ఎంత తగ్గించి పాడితే ఎవరికి ఎంత మిగులుతుందో నోటితో చెప్పేవాళ్లకి డబ్బు రాకపోవడమేమిటి? అప్పు ఇచ్చేవాడు మాట్లాడే భాష వాళ్లకి రాదు, వాళ్ల భాష వాడికి రాదు. ఈ రెండింటి మధ్య ఫోను దుబాసీ పని చెయ్యాలి.

గుడివాడ జంక్షన్‌కి తిరిగి వచ్చి బందరు ప్యాసింజరు ఎక్కాను. కిటికీ పక్కన సార్వా వరి పండి ఒరిగి ఉంది. కొన్ని చేలల్లో కోతకి ముందే మినుములు చల్లేస్తున్నారు. వరి కోసేసరికి కింద మొలక లేచి ఉంటుంది. ఒక పంట చేతికి రాకముందే రెండో పంట పెట్టుబడి మట్టిలో పడిపోయే నేల ఇది. కౌలురైతు ఇంట్లో నెలజీతం లెక్కలు ఎందుకు సాగవో ఆ పొలాలు చూస్తే తెలుస్తుంది.

రైల్లో మా పాఠాల పుట్టుక గుర్తొచ్చింది. బెంగళూరులో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో పనిచేసిన ఇంద్రాణి మేధి 2000 దశకం రెండో సగంలో, చదువు రానివాళ్లు ఫోన్లో డబ్బు పంపాలంటే తెర ఎలా ఉండాలని వరసగా పరిశోధనలు చేశారు. అక్షరాల తెర కన్నా బొమ్మా గొంతూ ఉన్న తెరతో వాళ్లు పని బాగా పూర్తిచేశారని తేల్చారు. అక్షరాలు రానివారు కూడా అంకెలు గుర్తుపడతారని ఆ పనిలోనే గమనించారు. అదే రోజుల్లో తపన్ పారిఖ్ తమిళనాడులో పొదుపు సంఘాల లెక్కల కోసం కాగితాన్ని తీసెయ్యకుండా, ఆ కాగితాన్నే ఫోన్ కెమెరాతో చదివించే పద్ధతి తయారుచేశారు. చేతికి అలవాటైన పుస్తకం చేతిలోనే ఉంటుంది, ఫోను దాని పక్కన కూర్చుంటుంది. మా పాఠాలన్నిటికీ ఈ ఇద్దరి పనే పునాది. బొమ్మ పెట్టాం, గొంతు పెట్టాం, అంకెలు పెట్టాం. ఆ అంకె ఏ కొలతలో ఉండాలన్నది మాత్రం మేం అడగలేదు.

పెడన దాటాక చిలకలపూడి వచ్చింది. రోల్డ్‌గోల్డ్ ఊరు. ఇంటింటా గొలుసులు, గాజులు తయారవుతాయి. ఈ డెల్టాలో ఎంతోమంది ఆడవాళ్ల అసలు నగలు బ్యాంకులో తాకట్టులో ఉంటే, పెళ్లికి మెడలో వేసుకునేది చిలకలపూడి గొలుసే. పంట పెట్టుబడి ఎక్కడినుంచి వస్తుందో ఒక్కోసారి మెడ చూసి కూడా చెప్పొచ్చు.

బందరు అనగానే లడ్డూ గుర్తొస్తుంది, సముద్రం గుర్తొస్తుంది. నాకు మాత్రం ఒక డాక్టరుగారు గుర్తొస్తారు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఈ ఊళ్లో వైద్యం చేసేవారు. 1915లో కృష్ణా సహకార బ్యాంకు, 1923 నవంబరులో లక్ష రూపాయల మూలధనంతో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు స్థాపించారు. వైద్యుడు బ్యాంకు ఎందుకు పెట్టాడని అడిగేవాళ్లు ఉంటారు. పొలం కోసం చేసిన అప్పు తీరక ఇళ్లు ఇళ్లే కూలిపోవడం చూసినవాడు పెట్టకపోతే ఎవరు పెడతారు? ఆయన ఉత్తరాల మీద చిరునామాలు కూడా తెలుగులోనే రాసేవారని, తపాలావాళ్లు అభ్యంతరం చెప్పినా మానలేదని బందరులో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1980లో ఆంధ్రా బ్యాంకు జాతీయమైంది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పుట్టిన ఊళ్లో బోర్డు మారింది. కోనేరు సెంటరు దగ్గర టీ తాగుతూ ఒక పెద్దాయన్ని అడిగితే, ఇప్పటికీ "ఆంధ్రా బ్యాంకులోనే ఖాతా" అన్నారు. ఆయన పాసుపుస్తకం మీద పేరు వేరే.

తెలుగు మీద పట్టాభిగారి పట్టుదల నాకు ఇక్కడే ఇంకో విషయంలో గుర్తొచ్చింది. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు వ్యక్తులకిచ్చే కొత్త అప్పులతో పాటు కీలక వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. వడ్డీతో పాటు మిగతా ఛార్జీలు కూడా కలిపిన వార్షిక రేటు అందులో చూపించాలి. చాలా మంచి నియమం. దానికి ఒక్క వరస చేర్చాలని నా కోరిక. 'మీ లెక్కలో నూటికి నెలకి ఇంత.' అంతే. తెలుగులో అచ్చు వేసినంత మాత్రాన అది తెలుగు అయిపోదు. వార్షిక రేటు 29.3 శాతం అని తెలుగు లిపిలో రాస్తే గుడ్లవల్లేరు అరుగు మీద ఎవరికీ ఏమీ తెలియదు. రెండు రూపాయల నలభై నాలుగు పైసల వడ్డీ అని రాస్తే సంతకం పెట్టే ముందు కనీసం ఇద్దరైనా ఆగుతారు. మా పాఠంలో ఆ వరస ఆ రాత్రే చేర్చాను. కీలక వివరాల పత్రంలో చేర్చమని అడగాల్సిన చోట అడుగుతాను.

పొద్దున్నే అవనిగడ్డ బస్సు. చల్లపల్లి మీదుగా వెళ్లి మోపిదేవిలో దిగాను. సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడి ముందు పూలమ్మే ఒకావిడ తన ఫోను నా చేతికిచ్చి, ఎవడో డబ్బులు పంపానని సందేశం పెట్టాడు, పిన్ను కొట్టమంటున్నాడు, కొట్టనా అని అడిగింది. వద్దన్నాను. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి అని చెప్పాను. ఈ వాక్యం మా పాఠంలో కూడా ఉంది. ఆవిడకి ఎక్కలేదు. ఎందుకలా, ఇద్దరి ఫోన్లోనూ పిన్ను ఉందిగా అంది. పక్కన కొబ్బరికాయలు అమ్మే ముసలాయన కల్పించుకున్నారు. "హుండీలో డబ్బు వెయ్యడానికి తాళం కావాలా అమ్మా? చిల్లులోంచి పడుద్ది. తియ్యాలంటేనే తాళం చెవి. నిన్ను తాళం చెవి అడిగేవాడు వెయ్యడానికొచ్చినోడు కాదు."

ఆవిడ ఫోను చటుక్కున తీసుకుని ఆ సందేశం చెరిపేసింది. డబ్బు పోయాక ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలని నేను చెప్పింది కూడా విందో లేదో. వినాల్సింది వినేసింది. ఈ హుండీ మాటని పాఠంలో వాడుకుంటానని ఆయన్ని అడిగాను. "వాడుకో తల్లీ, నా సొమ్మేం పోయింది" అన్నారు.

పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటితే దివిసీమ. ముందురోజే నవంబరు 19 వెళ్లింది. 1977లో అదే రోజు ఉప్పెన ఈ సీమని ముంచి పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది. నాగాయలంకలో సంఘం లీడరుగా ఉన్న అరవై ఏళ్ల పెద్దమ్మకి అప్పుడు పదేళ్లు దాటాయి. ఇంట్లో ఇనప్పెట్టె ఉండేదట. ప్రామిసరీ నోట్లు, పొలం కాగితాలు, కాస్త బంగారం. "పెట్టె దొరికింది, నాలుగు రోజులకి. లోపల బురద. కాగితాలు ముద్దయిపోయినయ్యి. ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో చెప్పడానికి కాగితమూ లేదు, చెప్పే మనిషీ లేడు." అందుకే ఆవిడకి కాగితం మీదా నమ్మకం తక్కువే, ఫోను మీదా తక్కువే. సంఘం పుస్తకాన్ని రెండు పాలిథీన్ కవర్లలో చుట్టి అటక మీద పెడుతుంది. లెక్క మరో చోట కూడా భద్రంగా ఉంటుందని ఫోను గురించి మేం చెప్పే గొప్ప ఆవిడకి చెప్పాల్సిన పనే లేకపోయింది. "అదొక్కటి మంచిదేలే" అని ఆవిడే అంది.

అక్కడే నేను చేసిన పొరపాటు బయటపడింది. వరండాలో ఆరుగురు ఆడవాళ్లు, పక్కన వలలు బాగుచేసుకుంటూ ముగ్గురు మగవాళ్లు. మచ్చుకి ఖాతా చూపించే పాఠం పెట్టాను. చదువు రానివాళ్లకి గొంతే దారి అని నమ్మి, నిల్వని గట్టిగా, స్పష్టంగా పలికించాం. "మీ పొదుపు నిల్వ, పన్నెండు వేల నాలుగు వందల రూపాయలు." అది నిజం ఖాతా కాదు, ఉత్తుత్తి అంకె. అయినా ముందు కూర్చున్న అమ్మాయి చటుక్కున ఫోను మీద చెంగు కప్పి గట్టిగా నొక్కింది. వలల దగ్గర ఒక తల పైకి లేచింది.

"అంత గట్టిగా చెప్తే ఇంకేం మిగులుద్దక్కా" అంది నెమ్మదిగా.

ఆ అమ్మాయి చెయ్యి ఫోను మీద చాలాసేపు అలాగే ఉంది. రొయ్యలు ఒలిచి ఒలిచి వేళ్ల కొసలు నున్నబడ్డాయి. అదే చేత్తో ఊళ్లోని బ్యాంకు ఏజెంటు, బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర వేస్తే మూడుసార్లకి ఒకసారి పడదట. పడలేదని చెప్పి ముద్ర మళ్లీ వేయించుకుంటే డబ్బు రెండుసార్లు తీశాడేమోనన్న అనుమానం, స్లిప్పు అడిగితే మిషన్లో కాగితం అయిపోయిందన్న జవాబు. స్లిప్పు ఇచ్చేదాకా అక్కడినుంచి కదలొద్దని పాఠంలో పెట్టాం. కానీ క్యూలో వెనకున్నవాళ్లు తోస్తుంటే కదలకుండా ఎలా ఉంటారో ఆ పాఠం చెప్పదు. ఇంకో విషయం. వరండాలో ఉన్న ఆరుగురిలో సొంత ఫోను ఉన్నది ఇద్దరికే. మిగతా నలుగురి ఫోను నంబరు కొడుకుదో, భర్తదో. బ్యాంకు సందేశం ముందు చదివేది వాళ్లే. ఆ పన్నెండు వేలూ కూతురి ఫీజు కోసమో, ఆస్పత్రి కోసమో దాచుకున్నవైతే, మా ఫోను మంచి తెలుగులో ఇంటిల్లిపాదికీ చాటింపు వేసేస్తుంది. గొంతు ఉండాలి, నిజమే. కానీ డబ్బు అంకె మాత్రం చెవి దగ్గర పెట్టుకున్నప్పుడే, గుసగుసగా పలకాలి. లేదా పలకకుండా నోట్ల బొమ్మలు చూపించాలి. అయిదొందల నోట్లు ఎన్ని, వందలు ఎన్ని అని. అప్పటికప్పుడు శబ్దం ఆపేసి నోట్ల బొమ్మలు పెట్టాను. ఆ అమ్మాయి చెంగు తీసి చూసింది, వేలితో లెక్కపెట్టుకుంది.

నెలనెలా ఒకటో తారీఖున పొదుపు చెయ్యమని గుర్తుచేసే గంట కూడా అక్కడ పనికిరాదని తేలింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. ఆ 61 రోజులూ ఇల్లు అప్పుతో నడుస్తుంది. పీతల ధర బాగున్న వారం రెండు వేలు పక్కన పెట్టగలరు, తుపాను హెచ్చరిక వచ్చిన వారం పది రూపాయలు కూడా పెట్టలేరు. గుడ్లవల్లేరు నుంచి నేను తెచ్చుకున్న చింతపిక్కలు పెద్దమ్మ అడిగి తీసుకుంది. పన్నెండు నెలలకి పన్నెండు చోట్ల కుప్పలు పెట్టింది. కార్తీకానికి గుప్పెడు. సంక్రాంతికి రెండు మాత్రమే, అల్లుళ్లొస్తారుగా అంది. ఎండాకాలం వచ్చేసరికి రెండు చోట్ల నేలని వేలితో తుడిచి ఖాళీగా వదిలేసింది. ఆ ఖాళీల ముందున్న మాఘం, ఫాల్గుణం కుప్పల్లోంచి నాలుగేసి పిక్కలు తీసి ఆ ఖాళీల్లోకి జరిపింది.

"ఇదీ పొదుపంటే. నీ ఫోనుకి ఇది చెప్పు."

ఫోటో తీసుకున్నాను. పాఠంలో ఆ నేల, ఆ పిక్కలే ఉంటాయి. గీసిన బొమ్మ వద్దనుకుంటున్నాను.

మధ్యాహ్నం ఏటిమొగ రేవుకి వెళ్లాం. ఎదురుమొండి దీవికి పంటు ఇక్కడినుంచే. పెద్దమ్మకి అవతల చెల్లెలి ఇంట్లో పని ఉంది. పంటు రావడానికి అరగంట పడుతుందన్నారు. మోపిదేవి హుండీ మాట ఆవిడకి చెప్పి, మీ గొంతుతో చెబితే రికార్డు చేసుకుంటానన్నాను. హైదరాబాదు స్టూడియోలో రికార్డు చేసిన గొంతు కన్నా ఈ సీమ గొంతు ఇక్కడివాళ్లు వింటారు. ఆవిడ మొదట ఒప్పుకోలేదు. తర్వాత పైట సర్దుకుని, ఎవరో ఫోటో తీస్తున్నట్టు నిటారుగా నిలబడింది.

మొదటిసారి గాలి హోరులో ఏమీ వినపడలేదు. రెండోసారి సగంలో దగ్గొచ్చింది. మూడోసారి ఫోనుని తనే తీసుకుని నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"తాళం చెవి అడిగేవాడు హుండీలో వెయ్యడానికొచ్చినోడు కాదమ్మా. ఇవ్వమాక."

అప్పుడే పంటు మీదినుంచి సరంగు, ఎక్కేవాళ్లు రండి రండి అని కేకేశాడు. "ఆడి గొంతు కూడా పడిపోయింది, ఇంకోసారి చెప్పనా?" అంది పెద్దమ్మ, చెప్పుల్లేని కాళ్లతో నీళ్లలోకి దిగుతూ.

వద్దన్నాను. ఆ కేకతో సహా ఉంచేశాను.